మైదానంలో గుండె ఇచ్చే హెచ్చరికలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లుగా పీఈటీగా పని చేస్తున్నాను. పొద్దున ఐదింటికి గచ్చిబౌలి వైపు పరిగెత్తే బృందంతో, సాయంత్రం పోలీసు ఉద్యోగాల శారీరక పరీక్షలకి (ఈవెంట్స్‌కి) తయారయ్యే పిల్లలతో గ్రౌండ్‌లో ఉంటాను. ఎవరో ఆటగాడు కుప్పకూలిన వీడియో ఫోన్లలో తిరిగిన ప్రతిసారీ అవే సందేహాలు మళ్లీ వస్తాయి. తల్లిదండ్రులు, రన్నర్లు, తోటి కోచ్‌లు అడిగినవాటిని వాళ్ల మాటల్లోనే ఇక్కడ పెట్టాను. నేను డాక్టర్‌ని కాను. గుండె డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ, గ్రౌండ్‌లో కళ్లారా చూసిందీ రాస్తున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## మొదలుపెట్టే ముందు

మావాడికి పదహారేళ్లు, రోజంతా ఆడినా అలసిపోడు. వాడికి గుండె జబ్బేంటండీ?

ముప్పై అయిదేళ్ల లోపు ఆటగాళ్లలో గుండె ఉన్నట్టుండి ఆగిపోవడానికి కారణం చాలావరకు పుట్టుకతోనో వంశపారంపర్యంగానో వచ్చిన లోపం. గుండె కండరం అవసరానికి మించి మందంగా పెరగడం ఒకటి. దీన్ని హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అంటారు, సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుంది. గుండెకు రక్తం తెచ్చే నాళం పుట్టుకతోనే తప్పు చోటు నుంచి రావడం, గుండెలోని కరెంటు వ్యవస్థలో తేడా, వైరస్ జ్వరం తర్వాత కండరం వాయడం మిగతావి. వీటితో వేగం తగ్గాలని లేదు. కామెరూన్ ఫుట్‌బాల్ ఆటగాడు మార్క్ వివియన్ ఫో 2003 జూన్ 26న అంతర్జాతీయ సెమీఫైనల్ ఆడుతూ మైదానంలోనే పడి చనిపోయాడు. వయసు 28. కండరం మందంగా ఉందని పోస్ట్‌మార్టంలో తెలిసింది. ఇలాంటివి అరుదు. భయంతో పిల్లల ఆట మాన్పించకండి, లక్షణం కనిపిస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకండి.

నలభై దాటాక పరుగు మొదలుపెట్టాను. నాకూ అవే జబ్బులు వస్తాయా?

మీ వయసులో అసలు భయం రక్తనాళాల్లో కొవ్వు పేరుకుపోవడం గురించి. సౌరవ్ గంగూలీకి 2021 జనవరిలో ఇంట్లో వ్యాయామం చేస్తుండగా గుండెపోటు వచ్చింది. అప్పటికి ఆయనకు 48 ఏళ్లు, అదీ జీవితమంతా ఆడిన మనిషి. పరుగు మంచిదే, కానీ బీపీ, షుగర్, సిగరెట్, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చిన చరిత్ర, ఇవి పరుగుతో చెరిగిపోవు. ముందుగా బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, ఒక ఈసీజీ చూపించుకోండి. ట్రెడ్‌మిల్ పరీక్ష కావాలో వద్దో డాక్టర్ చెబుతారు. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కి జూన్‌లో లేచి హాఫ్ మారథాన్ కొట్టేద్దాం అనుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. ఆ దారిలో ఫ్లైఓవర్లు ఎక్కి దిగాలి, గాలిలో ఉక్క. ఆరు నెలలు పెట్టుకోండి.

ఇంట్లో గుండె జబ్బు ఉందా అని అడిగితే అందరూ లేదనే అంటారు. ఏమని అడగాలి?

ప్రశ్న మార్చి అడగండి. "మన ఇంట్లో యాభై ఏళ్లలోపు ఉన్నట్టుండి పోయినవాళ్లు ఎవరు?" అంటే నాయనమ్మలకు వెంటనే గుర్తొస్తుంది. ఈత బాగా వచ్చిన కుర్రాడు బావిలో మునిగిపోవడం, నిద్రలోనే పోవడం, మందులు వాడినా తగ్గని ఫిట్స్, చిన్న వయసులోనే పేస్‌మేకర్, ఇవన్నీ చెప్పుకోవాల్సినవే. లాంగ్ క్యూటీ అనే కరెంటు లోపంలో ఒక రకానికి ఈతే ప్రధాన ప్రేరణ. బావిలో పోయిన మేనమామ కథ డాక్టర్‌కి చాలా విలువైన సమాచారం. మన ఇళ్లలో మేనరికాలు ఎక్కువ కాబట్టి ఇంకో మాట. పుట్టుకతో చెవుడు ఉండి, పరిగెత్తినా భయపడినా స్పృహ తప్పే పిల్లలకు ఈసీజీ తప్పకుండా తీయించాలి. చెవుడు, లాంగ్ క్యూటీ కలిసి వచ్చే ఒక జబ్బు ఉంది. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఆ లోపం అందితేనే అది వస్తుంది.

సీసీఎంబీ వాళ్లు మన గుండె జన్యువు గురించి ఏదో కనిపెట్టారట. ఆ పరీక్ష చేయించాలా?

హబ్సిగూడలోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు ఇతర సంస్థలతో కలిసి 2009లో ప్రచురించిన పరిశోధన అది. గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో చిన్న ముక్క లేకపోవడం దక్షిణాసియాలో సుమారు నూటికి నలుగురిలో ఉందని, వాళ్లకు నడివయసు దాటాక గుండె కండరం బలహీనపడే ముప్పు ఎక్కువని తేలింది. అది ఉన్న ప్రతివారికీ జబ్బు వస్తుందని కాదు. లక్షణాలు గానీ కుటుంబ చరిత్ర గానీ లేకపోతే, ఆట కోసం ఈ పరీక్ష వెంట పడక్కర్లేదు.

పొడుగ్గా ఉన్నాడని వాలీబాల్‌లో పెట్టాం. పొడుగుకీ గుండెకీ సంబంధం ఉందంటారా?

పొడుగు ఒక్కటే అయితే లేదు. చేతులు చాపితే ఆ కొలత ఎత్తు కంటే ఎక్కువ రావడం, వేళ్లు సన్నగా బారుగా ఉండటం, కీళ్లు వదులు, కళ్లలో కటకం సమస్య, రొమ్ము ఎముక లోపలికి గానీ బయటికి గానీ ఉండటం, ఇవి కొన్ని కలిసి ఉంటే మార్ఫాన్ అనే జబ్బు గురించి అడగాలి. ఇందులో గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం ఉబ్బి చీలిపోయే ప్రమాదం ఉంది. 1984 ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన అమెరికా వాలీబాల్ క్రీడాకారిణి ఫ్లో హైమన్ 1986లో జపాన్‌లో మ్యాచ్ జరుగుతుండగా ఇలాగే చనిపోయింది. ఎకో పరీక్షలో, అంటే గుండెకు చేసే స్కానింగ్‌లో, ఆ నాళం వెడల్పు తెలుస్తుంది.

స్కూల్ టీమ్‌కి ఎంపికైతే ఈసీజీ తీయించాలా?

ఇటలీలో 1982 నుంచి పోటీల్లో ఆడేవాళ్లకు ఈసీజీతో కూడిన పరీక్ష చట్టప్రకారం తప్పనిసరి. అక్కడి వెనెటో ప్రాంతంలో 1979 నుంచి 2004 దాకా లెక్క చూస్తే యువ ఆటగాళ్ల ఆకస్మిక మరణాలు 89 శాతం తగ్గాయి. అమెరికాలో మాత్రం 14 అంశాల ప్రశ్నలు, శరీర పరీక్షతో మొదలుపెట్టమంటారు. ఏమీ లేని పిల్లలకు ఈసీజీలో తేడా కనిపించి అనవసరంగా ఆట ఆగిపోతుందని వాళ్ల వాదన. రెంటిలోనూ నిజం ఉంది. నా అభిప్రాయం అడిగితే, వారానికి అయిదారు రోజులు గట్టిగా సాధన చేసే పిల్లలకు ఒకసారి తీయించండి. పెద్ద ఖర్చు కాదు. దాన్ని చూసే డాక్టర్‌కి "వీడు ఇన్ని గంటలు ఆడతాడు" అని తప్పకుండా చెప్పండి.

## పరిగెత్తుతున్నప్పుడు, ఆడుతున్నప్పుడు

ఏం కనిపిస్తే వెంటనే ఆపేయాలి?

శ్రమ పడుతున్నప్పుడు ఛాతీలో బరువు, బిగింపు, మంట. శ్రమ మధ్యలో కళ్లు చీకట్లు కమ్మడం లేదా స్పృహ తప్పడం. స్విచ్ వేసినట్టు మొదలై అడ్డదిడ్డంగా కొట్టుకునే గుండె దడ. పక్కవాళ్లంతా మాట్లాడుతూ పరిగెత్తుతుంటే మీకొక్కరికే ఆయాసం. నేను ఎవరినైనా మొదట అడిగేది "ఎంత నొప్పి?" అని కాదు, "ఎప్పుడొచ్చింది? పరిగెత్తుతుండగానా, ఆగాకనా?" అని. శ్రమతో వచ్చి, ఆగితే పోయేదేదైనా గుండె వైపు వేలు చూపిస్తుంది. ఆ రోజుకి ఆట ఆపేసి డాక్టర్‌ని కలిశాకే మళ్లీ బూట్లు వేసుకోవాలి.

గ్యాస్ నొప్పో గుండె నొప్పో ఎలా తెలుస్తుంది?

మా బృందంలో యాభై దాటిన ఒకాయన ఉండేవారు. నడుముకు కట్టుకునే చిన్న సంచిలో గ్యాస్ మాత్రల స్ట్రిప్ పెట్టుకుని వచ్చేవారు. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే రొమ్ము మధ్యలో మంట. పైకి వెళ్లాక రెయిలింగ్ పట్టుకుని నిలబడి ఓ మాత్ర నమిలేవారు, రెండు నిమిషాల్లో తగ్గేది. దిగేటప్పుడు హాయిగా పరిగెత్తేవారు. "మాత్ర పని చేస్తోంది సార్" అనేవారు. మూడో వారం నేను పక్కనే ఉన్నాను. ఆయన సంచి జిప్ తీసేలోపే మంట తగ్గిపోయింది. తగ్గించింది మాత్ర కాదు, నిలబడటం. "రాత్రి బిర్యానీ తిన్నా రాని మంట, ఎత్తు ఎక్కితేనే ఎందుకొస్తోంది అన్నా?" అన్నాను. ఆ వారమే యాంజియోగ్రామ్ తీశారు. ఒక నాళం బాగా మూసుకుపోయి ఉంది. స్టెంట్ వేశారు.

గ్యాస్ నొప్పి సాధారణంగా తిండితో, పడుకోవడంతో, తేన్పులతో ముడిపడి ఉంటుంది. గుండె నొప్పి శ్రమతో పెరుగుతుంది. వేలితో ఇక్కడే అని చూపించలేం, అరచేతితో రొమ్మంతా చూపిస్తాం. దవడకో, గొంతుకో, వీపుకో, ఎడమ చేతికో పాకవచ్చు. కూర్చున్నా తగ్గకుండా చల్లని చెమటలతో పది నిమిషాలు దాటిందంటే గ్యాసా కాదా అని ఇంట్లో చర్చ పెట్టుకోవద్దు. 108కి ఫోన్ చేయండి.

మా అమ్మాయి పరుగులో కళ్లు తిరిగి పడిపోయింది. పొద్దున ఏమీ తినలేదు, అందుకేనా?

రేసు పూర్తయ్యాక గీత దాటి టక్కున నిలబడితే కాళ్లలో రక్తం ఆగి కళ్లు తిరగడం మామూలే. పడుకోబెట్టి కాళ్లు పైకి పెడితే తేరుకుంటారు. పరుగు మధ్యలో పడిపోవడం అలాంటిది కాదు. పదో తరగతి అమ్మాయి ఒకతె 400 మీటర్ల పరుగులో రెండో వంపు తిరుగుతూ ముందుకు పడిపోయింది. వెళ్లి చూస్తే మోచేతులు, అరచేతులు శుభ్రంగా ఉన్నాయి, గడ్డం చీలి రక్తం కారుతోంది. తడబడి పడేవాళ్లు చేతులు అడ్డం పెట్టుకుంటారు. చేతులు కూడా రాలేదంటే నేలను తాకకముందే స్పృహ పోయిందన్నమాట. వాళ్లమ్మ "టిఫిన్ తినకుండా వచ్చింది సార్" అంది. గ్లూకోజ్ నీళ్లు తాగించి పంపేయడం చాలా తేలిక. ఈసీజీ తీయిస్తే లాంగ్ క్యూటీ అని తేలింది. ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటుంది, డాక్టర్ అనుమతించిన వ్యాయామమే చేస్తుంది. తినకపోవడం వల్ల నీరసం రావచ్చు. కానీ శ్రమ మధ్యలో స్పృహ తప్పితే, గుండె కాదని తేలేదాకా గుండె అనే అనుకోవాలి.

వాచ్‌లో నిద్రలో పల్స్ 42 చూపిస్తోంది. భయపడాలా?

ఏళ్ల తరబడి పరిగెత్తేవాళ్లకు విశ్రాంతిలో నలభైల్లో ఉండటం సహజం. గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం పంపుతోందని అర్థం. కళ్లు తిరగడం, నీరసం తోడైతేనే చూపించుకోవాలి. గరిష్ఠ పల్స్‌కి 220 నుంచి వయసు తీసేయడం ఉజ్జాయింపు లెక్క మాత్రమే, పది పన్నెండు అటూ ఇటూ ఉంటుంది. వాచ్‌లోని ఈసీజీ కొన్ని లయ తేడాలను పట్టగలదు, గుండెపోటును పట్టలేదు. "వాచ్ బాగానే ఉందంది" అని ఛాతీ నొప్పితో ఇంట్లో కూర్చోకండి.

ఆడవాళ్లకు లక్షణాలు వేరుగా ఉంటాయా?

ఛాతీ నొప్పి వాళ్లకూ వస్తుంది. దాంతో పాటు, లేదా అది లేకుండానే, దవడ నొప్పి, వీపు నొప్పి, వికారం, విపరీతమైన అలసట రావడం ఆడవాళ్లలో ఎక్కువ. ఆయాసానికి రక్తహీనత కూడా కారణం కావచ్చు, హిమోగ్లోబిన్ చూపించండి. పని ఒత్తిడి అనుకుని అక్కడితో వదిలేయకండి.

జ్వరం తగ్గి రెండు రోజులైంది. ఆదివారం మ్యాచ్ ఆడొచ్చా?

జ్వరం, ఒళ్లు నొప్పులు ఉండగా, పూర్తిగా తేరుకోకముందు గట్టి శ్రమ వద్దు. కొన్ని వైరస్‌లు గుండె కండరాన్ని వాయిస్తాయి, ఈ వాపును మయోకార్డైటిస్ అంటారు. మన దగ్గర వానాకాలంలో వచ్చే డెంగీ కూడా కొందరిలో ఇలా చేస్తుంది. జ్వరం పోయాక కూడా ఛాతీ నొప్పి, దడ, మెట్లెక్కితే ఆయాసం ఉంటే ఈసీజీ, ట్రోపోనిన్ రక్త పరీక్ష అవసరమవుతాయి. వాపు ఉందని తేలితే సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పోటీలకు దూరంగా ఉండమంటారు. ఒక మ్యాచ్ పోతే పోనివ్వండి.

జిమ్‌లో ఇచ్చే పౌడర్లు, ఇంజెక్షన్లు గుండెకు ప్రమాదమా?

ప్రీ వర్కౌట్ పౌడర్లలో ప్రధానంగా ఉండేది కెఫీన్. పెద్దవాళ్లకు రోజుకు 400 మిల్లీగ్రాములు హద్దు అంటారు. పౌడర్, ఎనర్జీ డ్రింక్, నాలుగు టీలు కలిపితే సులువుగా దాటిపోతుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు కొలెస్ట్రాల్‌ను పాడుచేస్తాయి, గుండె కండరాన్ని మందం చేస్తాయి. కొవ్వు కరగడానికని ఇచ్చే క్లెన్‌బ్యుటెరాల్ గుండె లయను దెబ్బతీస్తుంది. ఏం వాడారో డాక్టర్‌కి దాచకుండా చెప్పండి.

కోవిడ్ టీకా వల్లే కుర్రాళ్లు పడిపోతున్నారంటున్నారు. నిజమా?

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 47 ఆసుపత్రుల ద్వారా 18 నుంచి 45 ఏళ్ల వయసులో కారణం తెలియని ఆకస్మిక మరణాలను పరిశీలించి 2023లో ఫలితాలు ప్రచురించింది. టీకా వల్ల ముప్పు పెరగలేదని తేలింది. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరడం, ఇంట్లో ఆకస్మిక మరణాల చరిత్ర, చివరి 48 గంటల్లో అతిగా తాగడం, మత్తుమందులు, తీవ్రమైన శ్రమ వంటివాటితో ముప్పు ముడిపడి కనిపించింది. కొన్ని ఎంఆర్ఎన్ఏ టీకాలతో యువకుల్లో అరుదుగా మయోకార్డైటిస్ వచ్చిన మాట నిజమే. మన దగ్గర ఎక్కువ మంది వేసుకున్నవి కోవిషీల్డ్, కోవాగ్జిన్. అవి ఆ రకం కావు.

## ఎవరైనా కుప్పకూలితే

ఎవరూ తగలకుండానే పడిపోయాడు. మొదట ఏం చేయాలి?

భుజాలు తట్టి పిలవండి. పలకకపోతే, ఊపిరి మామూలుగా లేకపోతే గుండె ఆగిందనే అనుకోండి. పల్స్ వెతుకుతూ సమయం పోగొట్టుకోవద్దు. ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఒకరు గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం కోసం పరిగెత్తాలి, ఒకరు మోకాళ్ల మీద కూర్చుని ఛాతీ నొక్కడం (సీపీఆర్) మొదలుపెట్టాలి. రొమ్ము ఎముక కింది సగం మీద, రెండు చేతులతో, 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. ఏఈడీ వస్తే ఆన్ చేసి అది చెప్పినట్టు చేయండి, అవసరం లేనివాళ్లకు అది షాక్ ఇవ్వదు. సీపీఆర్ గానీ షాక్ గానీ అందకుండా గడిచే ప్రతి నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ 2021 జూన్ 12న మైదానంలో పడిపోయి బతికాడంటే అక్కడికక్కడే సీపీఆర్, షాక్ అందబట్టే. మీ గ్రౌండ్‌లో, జిమ్‌లో ఏఈడీ ఉందా, తాళం ఎవరి దగ్గరుంది, ఈ రెండూ ఈ వారమే అడగండి.

చేతులు కాళ్లు కొట్టుకుంటున్నాయి, గురక వస్తోంది. ఫిట్స్ అనుకుని చేతిలో తాళం చెవులు పెట్టాం. తప్పా?

గుండె ఆగినప్పుడు మెదడుకు రక్తం అందక మొదటి క్షణాల్లో కాళ్లూ చేతులూ అదురుతాయి. నోరు తెరిచి అప్పుడొకటి అప్పుడొకటిగా గురక లాంటి ఎగశ్వాస వస్తుంది. అది ఊపిరి ఆడటం కాదు. ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. చేతిలో ఇనుము పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో నీళ్లు పోయడం, వీటితో విలువైన నిమిషాలు పోతాయి. పరిగెత్తుతూ పడిపోయి స్పందన లేని మనిషికి ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. కదిలి, మామూలుగా ఊపిరి తీసుకుంటే ఆపేయవచ్చు.

ఛాతీకి క్రికెట్ బంతి తగిలి పడిపోయాడు. గుండె జబ్బు లేకపోయినా ఇలా అవుతుందా?

అవుతుంది. గుండె కొట్టుకునే చక్రంలో ఒక అతి చిన్న క్షణంలో దెబ్బ సరిగ్గా గుండె మీద పడితే లయ చెదిరిపోతుంది. 2023 జనవరి 2న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు డామర్ హామ్లిన్ ఇలాగే పడిపోయి, వెంటనే సీపీఆర్, షాక్ అందడంతో బతికి మళ్లీ ఆడాడు. దెబ్బ తగిలిందని ఛాతీ రుద్దుతూ కూర్చోకుండా వెంటనే సీపీఆర్ మొదలుపెట్టాలి.

సార్బిట్రేట్ నాలుక కింద పెట్టమని, గట్టిగా దగ్గమని వాట్సాప్‌లో వస్తోంది. చేయొచ్చా?

సార్బిట్రేట్ రక్తనాళాలను వదులు చేసే మాత్ర, బీపీని ఒక్కసారిగా పడేస్తుంది. కండరం మందంగా ఉన్న గుండెకు, ఒంట్లో నీరు తగ్గిన రన్నర్‌కి, వయాగ్రా లాంటి మాత్ర వేసుకున్నవాళ్లకు అది ప్రమాదం. డాక్టర్ మీకని రాసి ఇస్తే తప్ప వద్దు. దగ్గడం గుండెపోటుకు వైద్యం కాదు. స్పృహ పోయినవాళ్లు ఎలాగూ దగ్గలేరు.

108 కోసం ఆగాలా, కారులో తీసుకెళ్లిపోవాలా?

స్పృహ లేకపోతే అక్కడే సీపీఆర్ చేస్తూ 108 కోసం ఆగాలి, కారు వెనక సీట్లో ఛాతీ సరిగ్గా నొక్కలేం. 2005 ఆగస్టు 15న ఈ సేవ మొదలైంది హైదరాబాద్‌లోనే. ఫోన్‌లో ఉన్నవాళ్లు ఏం చేయాలో చెబుతారు, పెట్టేయకండి. ఒకరిని గేటు దగ్గర నిలబెట్టండి. స్పృహలో ఉండి ఛాతీ నొప్పి అంటున్న మనిషి మాత్రం బండి తానే నడుపుకుంటూ పోకూడదు.

## పరీక్షలు, ఆ తర్వాత

ఈసీజీ నార్మల్ అన్నారు. ఇంకా పరీక్షలెందుకు?

ఈసీజీ ఆ పది సెకన్ల ఫోటో. దడ అప్పుడప్పుడే వస్తే ఒకటి రెండు రోజులు ఒంటికి కట్టుకుని గుండె లయను నమోదు చేసే హోల్టర్ కావాలి. శ్రమలోనే వస్తే ట్రెడ్‌మిల్ పరీక్ష. కండరం, కవాటాలు చూడాలంటే ఎకో. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఎన్నో నిమిషంలో వచ్చింది, ఎంతసేపుంది, ఏం చేస్తే తగ్గింది అన్నది కాగితం మీద రాసుకెళ్లండి. పడిపోయిన వీడియో ఉంటే చూపించండి. చూసినవాళ్లను వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది.

ఎకోలో గుండె గోడ 14 మిల్లీమీటర్లు అన్నారు. జబ్బా, ఆట వల్లా?

13 నుంచి 15 మిల్లీమీటర్ల మధ్య తేల్చడం కష్టం, కఠిన సాధన వల్ల కూడా అంత పెరగవచ్చు. గుండె గదులు కూడా పెద్దవయ్యాయా, ఈసీజీ ఎలా ఉంది, ఇంట్లో చరిత్ర ఏమిటి అని చూస్తారు, ఎంఆర్ఐ తీస్తారు. కొన్నిసార్లు కొన్ని నెలలు సాధన ఆపించి మళ్లీ కొలుస్తారు. తగ్గితే ఆట వల్ల వచ్చిందే. ఆటగాళ్లను చూసే అనుభవమున్న గుండె డాక్టర్‌ని వెతకండి.

జబ్బు ఉందని తేలితే ఆట అయిపోయినట్టేనా?

చాలామందికి కాదు. పుట్టుకతో అదనపు కరెంటు తీగ ఉండే డబ్ల్యూపీడబ్ల్యూ లాంటివి ఆ తీగను కాల్చేసే అబ్లేషన్ అనే చికిత్సతో ఎక్కువ మందికి పూర్తిగా నయమవుతాయి. ఎరిక్సన్ ఛాతీలో షాక్ పరికరం పెట్టించుకుని 2022 ఫిబ్రవరిలో మళ్లీ మైదానంలో దిగాడు. కొందరికి మాత్రం తీవ్రత తగ్గించమనో, ఆట మార్చమనో చెబుతారు. ఆ నిర్ణయం డాక్టర్, ఆటగాడు, ఇంటివాళ్లు కలిసి తీసుకోవాలి.

సెలెక్షన్ పోతుందని మావాడు కోచ్‌కి చెప్పకుండా దాస్తున్నాడు. ఏం చేయాలి?

కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి 1600 మీటర్లు సాధన చేసే కుర్రాళ్లలో ఇది నాకు తరచూ కనిపిస్తుంది. ఇంట్లో అప్పు, వయసు పరిమితి, ఇదే చివరి నోటిఫికేషన్ అన్న భయం. తిడితే ఇంకా దాస్తారు. నేను నా దగ్గర చేరే ప్రతి ఒక్కరికీ మొదటి రోజే చెబుతాను: "లక్షణం చెప్పినవాణ్ని బ్యాచ్ నుంచి తీసేయను, పరీక్షలయ్యాక డాక్టర్ ఒప్పుకుంటే నీ ప్లేస్ నీదే." ఆ మాట నిలబెట్టుకున్నాను కాబట్టి చెబుతున్నారు. మీవాడి కోచ్‌తో ముందు మీరు మాట్లాడి అదే మాట తీసుకోండి. తర్వాత మీవాణ్ని కూర్చోబెట్టి, నొప్పి ఎక్కడ అని కాకుండా, ఎన్నో రౌండ్‌లో మొదలవుతోంది అని అడగండి.